ఆ పడక పక్కన ఎవరుంటారు, మంత్రిగారూ?

ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారం. మరో మహమ్మారి వచ్చేలోగా ఆసుపత్రుల్లో వేల పడకలు అదనంగా సిద్ధం చేస్తామన్న మీ ప్రకటన చదివాను. ఆ ఆలోచనను తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఇరవై రెండేళ్లుగా ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. కోవిడ్ రోజుల్లో అలా హడావిడిగా సిద్ధమైన ఒక వార్డులో తొలి రాత్రి డ్యూటీ నాదే. ఆ రాత్రి చూసింది మీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్పాలి?

ఉదయం రిబ్బను కత్తిరించారు. 60 పడకలు, అన్నిటి మీదా తెల్లటి కొత్త దుప్పట్లు, తలవైపు మానిటర్లు. ఫొటోల్లో వార్డు చాలా బాగుంది. రాత్రి నేను డ్యూటీకి వచ్చేసరికి 43 పడకలు నిండాయి. మేం నలుగురం. అంతకుముందు వెంటిలేటర్ మీదున్న రోగిని చూసుకున్న అనుభవం నాకొక్కదానికే ఉంది. ఒక అమ్మాయిని కంటి వార్డు నుంచి పంపారు. మిగతా ఇద్దరూ ఆ వారమే కాంట్రాక్టు మీద చేరినవాళ్లు. అలారం మోగితే ముందుగా ఏం చూడాలో ఒక పడక దగ్గర నేర్పుతుండగానే అవతలి వరుసలో ఇంకో అలారం. గోడ పక్కన రెండు వెంటిలేటర్లు ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా నిలబడి ఉన్నాయి. మర్నాడు ఆసుపత్రుల్లో పడకల లెక్క చెప్పే బులెటిన్‌లో మా ఆసుపత్రి పేరు పక్కన ‘ఖాళీ పడకలు 17’ అని వచ్చింది. అది చూసి వేరే ఆసుపత్రుల వాళ్లు అంబులెన్సులను మా దగ్గరికి పంపారు. వాళ్ల తప్పేముంది? ఖాళీ అని మనమే చెప్పాం.

మంచాల లెక్క మీ దగ్గర ఉంది కాబట్టి మనుషుల లెక్క నేను వేస్తాను. వారానికి 168 గంటలు. ఒక నర్సు వారానికి 48 గంటలు పనిచేస్తే, ఒక చోట రాత్రింబవళ్లు ఒక మనిషి ఉండాలంటే ముగ్గురున్నర మంది కావాలి. సెలవులు, జబ్బులు, అదే రోగం సోకి గదికి పరిమితమైన రోజులు కలుపుకుంటే ఆ సంఖ్య నాలుగు దాటి ఐదుకు దగ్గరవుతుంది. ఇద్దరు రోగులకు ఒక నర్సు అనుకున్నా, 100 ఐసీయూ పడకలకు 200 మందికి పైగా నర్సులు కావాలి. పీపీఈ కిట్టు ఒంటి మీద ఉంటే మంచినీళ్లు లేవు, బాత్రూము లేదు. నాలుగైదు గంటలు దాటితే ఎంత ఓపికున్న మనిషికైనా చేయి తడబడుతుంది. కాబట్టి షిఫ్టులు కుదించాలి, మనుషులను ఇంకా పెంచాలి.

ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్న రోగిని రోజులో దాదాపు 16 గంటలు బోర్లా పడుకోబెడతాం. వినడానికి తేలికే. వెంటిలేటర్ మీదున్న మనిషిని అలా తిప్పడానికి ఐదారుగురు కావాలి. ఒకరు తలవైపు నిలబడి గొంతులోని గొట్టాన్ని పట్టుకుని ‘ఒకటి, రెండు, మూడు’ అంటేనే మిగతావాళ్లు కదలాలి. ఆ గొట్టం ఊడితే ఇంక నిమిషాల వ్యవహారం. నలుగురున్న మా వార్డులో ఆ రాత్రి ఒక్కరినీ తిప్పలేకపోయాం.

2020 మొదట్లో వుహాన్‌లో దాదాపు 1,000 పడకల హువోషెన్‌షాన్ ఆసుపత్రిని పది రోజుల్లో కట్టారని ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. అందులో పనిచేయడానికి సైన్యం నుంచి 1,400 మంది వైద్య సిబ్బందిని పంపారు. వుహాన్ ఉన్న హుబే ప్రావిన్సు మొత్తానికి బయటి నుంచి 42,000 మందికి పైగా వచ్చారు. ఈ సంగతి చాలామందికి గుర్తు లేదు, క్రేన్లే గుర్తున్నాయి. అదే ఏడాది లండన్‌లో ఒక పెద్ద ప్రదర్శనశాలను తొమ్మిది రోజుల్లో తాత్కాలిక ఆసుపత్రిగా మార్చారు. అవసరమైతే 4,000 మందికి చోటు కల్పించాలని ప్రణాళిక. తొలి విడతలో అక్కడ చికిత్స పొందింది 54 మంది. నగరంలోని పాత ఆసుపత్రులు ఉన్నచోటనే ఐసీయూలను పెంచుకున్నాయి. పని తెలిసిన నర్సులు అక్కడే అవసరమయ్యారు.

నాకు వీటన్నిటికన్నా ఇష్టమైన కథ ఇంకా పాతది. 1952లో కోపెన్‌హేగన్‌లో పోలియో విజృంభించినప్పుడు శ్వాస కండరాలు చచ్చుబడిన పిల్లలతో బ్లెగ్డం ఆసుపత్రి నిండిపోయింది. ఉన్నది రోగికి ఊపిరాడేలా చేసే ఇనుప ఊపిరితిత్తి యంత్రం ఒకే ఒక్కటి, మరికొన్ని చిన్న పరికరాలు. మత్తు డాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్ గొంతు దగ్గర రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కి గాలి అందించవచ్చని చూపించారు. సరే, రోజంతా ఆ సంచి నొక్కేదెవరు? దాదాపు 1,500 మంది వైద్య, దంతవైద్య విద్యార్థులు వంతులు వేసుకుని నెలల తరబడి నొక్కారు. మరణాలు బాగా తగ్గాయి. ఈనాడు ఐసీయూ అంటున్నది ఆ అనుభవం నుంచి పుట్టిందే. యంత్రాలు లేని చోట చేతులు కూడగట్టారు వాళ్లు. చేతుల్లేని చోటికి యంత్రాలు పంపించాం మనం.

ఇక ఆక్సిజన్. ముక్కు గొట్టాల ద్వారా అధిక ప్రవాహంతో ఇచ్చే పరికరం నిమిషానికి 60 లీటర్ల దాకా తీసుకుంటుంది. 7,000 లీటర్ల పెద్ద సిలిండర్ ఒక్క రోగికి రెండు గంటలు కూడా రాదు. అందుకే ద్రవ ఆక్సిజన్ ట్యాంకు కావాలంటారు. ట్యాంకు నిండుగా ఉన్నా సరే, ద్రవాన్ని వాయువుగా మార్చే పరికరం మంచు కట్టినా, పాత భవనంలో సన్నటి గొట్టం మీద పది రెట్లు భారం పడినా చివరి పడక దగ్గర పీడనం పడిపోతుంది. 2020 ఏప్రిల్‌లో లండన్ సమీపాన వాట్‌ఫర్డ్‌లో ఆక్సిజన్ పరికరాల్లో ఇబ్బంది వచ్చి, అత్యవసరమైనా మా దగ్గరికి రావద్దని అక్కడి ఆసుపత్రి ప్రజలను కోరింది. 2021 ఏప్రిల్‌లో బాగ్దాద్‌లో కోవిడ్ ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండర్లు పేలి మంటలు లేస్తే 80 మందికి పైగా చనిపోయారు. కాబట్టి ఏ వార్డుకైనా పడకల సంఖ్య ఖరారు చేసే ముందు గొట్టాల పని తెలిసిన ఇంజినీరుతో, అగ్నిమాపక అధికారితో సంతకం పెట్టించండి. వాళ్లు 60 కాదు, 35 అంటే 35కే ఒప్పుకోండి.

ఇటుక పేర్చకుండా పడకలు పెంచే దారి ఒకటుంది. దాన్ని రిబ్బను కత్తిరించి ఎవరూ ప్రారంభించలేరు కాబట్టి ఎవరికీ పట్టదు (క్షమించాలి, ఈ మాట ఆపుకోలేకపోయాను). 100 పడకల ఆసుపత్రిలో రోగి సగటున 10 రోజులుంటే రోజుకు పదిమందిని చేర్చుకోగలం. అదే 8 రోజులైతే పన్నెండున్నర మందిని. అంటే కొత్తగా 25 పడకలు వేసినంత పని. మా దగ్గర కోలుకున్నవాళ్లు పరీక్ష రిపోర్టు రాక, ఇంటికి వెళ్లాక ఫోను చేసి చూసుకునేవారు లేక, ఆదివారం డిశ్చార్జ్ కాగితం మీద సంతకం పెట్టే డాక్టరు లేక ఐసీయూ మంచం మీదే ఉండిపోయారు. లీటరు, రెండు లీటర్ల ఆక్సిజన్‌తో నిలకడగా ఉన్నవాళ్లకు పక్కనే ఒక సాదా వార్డు ఉంటే చాలు.

ఆసుపత్రి మొత్తాన్ని ఒకే రోగానికి అప్పగించే ముందు వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు వచ్చేవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు ఎక్కడికి వెళ్లాలో కూడా అదే ఉత్తర్వులో రాయండి. విడిగా తర్వాత వస్తుందన్న ఉత్తర్వు కోసం మేం చాలా రోజులు ఎదురుచూశాం.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. బులెటిన్‌లో ‘ఖాళీ పడకలు’ అన్న చోట ‘ఈ షిఫ్టులో నర్సు ఉన్న ఖాళీ పడకలు’ అని మార్చండి. సంఖ్య చిన్నదవుతుంది. విమర్శలు వస్తాయి. అంబులెన్సు మాత్రం సరైన చోటికి వెళుతుంది. మామూలు రోజుల్లోనే అన్ని వార్డుల నర్సులకూ ఏడాదికి రెండు వారాలు ఐసీయూలో డ్యూటీ వేయండి. మహమ్మారిలో కాంట్రాక్టు మీద చేరి, ఉధృతి తగ్గగానే ఒక కాగితంతో ఇంటికి పంపబడ్డవాళ్లను వెతికి పిలవండి. ఈసారి జీతం నెలనెలా ఇవ్వండి. మాకు మూడు నెలలకోసారి వచ్చేది.

కంటి వార్డు నుంచి వచ్చిన ఆ అమ్మాయి నాలుగో వారానికి తలవైపు నిలబడి లెక్క చెప్పేంతగా నేర్చుకుంది. ఇప్పుడు మళ్లీ కంటి వార్డులోనే చుక్కల మందు వేస్తోంది. ఆ వార్డులో నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు మొత్తం పదకొండు మంది. ఐదుగురు ఇప్పుడు నర్సు పనిలోనే లేరు. ఆ పదకొండు మంది పేర్లు, ఎవరికి ఏ పని వచ్చో ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. మీ కార్యాలయం నుంచి ఎవరైనా అడిగితే ఆ రోజే పంపుతాను.

ఇట్లు,
ఒక సీనియర్ స్టాఫ్ నర్సు