మా ఊరి వార్త మా రేడియోలో చెప్పుకోనివ్వండి

కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి నమస్కారాలతో...

అయ్యా,

ప్రసార సేవల నియంత్రణ బిల్లు ముసాయిదాను మీ శాఖ 2023 నవంబరులో జనం ముందు పెట్టింది. 2024 ఆగస్టులో, ఇంకా అందరినీ అడిగి కొత్త ముసాయిదా తెస్తామని చెప్పింది. అది ఎప్పుడు వచ్చినా అందులో ఒక్క మాట ఉండాలని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను. స్థానికులే నడుపుకునే చిన్న స్టేషన్లైన కమ్యూనిటీ రేడియోలు తమ పరిధిలోని ఊళ్ల వార్తలను తామే సేకరించి, తామే చెప్పుకోవచ్చన్న మాట అది.

నేను ఒక పల్లెటూరి కమ్యూనిటీ రేడియోలో వాలంటీరుగా పనిచేస్తున్నాను. విత్తనాల గురించి, బాలింతల ఆరోగ్యం గురించి, పాత పాటల గురించి కార్యక్రమాలు చేస్తాం. మా మైకు ముందు కూర్చుని ఎవరైనా మాట్లాడవచ్చు, వార్త మాత్రం చెప్పకూడదు. 2006 నాటి మార్గదర్శకాల్లోనే ఆ నిషేధం ఉంది. ఆకాశవాణి నుంచి తీసుకున్న వార్తలు వినిపించుకోవచ్చు. వాతావరణం, పండుగలు, పరీక్షా ఫలితాలు, ఉద్యోగ ప్రకటనలను వార్తలుగా లెక్కించరు. కరెంటు, నీళ్లు, ప్రకృతి వైపరీత్యాల గురించి కూడా చెప్పవచ్చు, కానీ స్థానిక అధికారులు ఇచ్చిన ప్రకటనలైతేనే.

ఆ చివరి షరతు దగ్గర మా ప్రాణం ఎట్లా విలవిల్లాడుతుందో మీకు తెలియాలి. పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం పాలవ్యాను డ్రైవరు మా స్టూడియోకు ఫోన్ చేశాడు. "వాగు కల్వర్టు మీదికెక్కింది. ఈ దారిన ఎవ్వరూ రావొద్దని జర చెప్పండమ్మా" అన్నాడు. కార్యక్రమం నడుపుతున్న అమ్మాయి డిగ్రీ చదువుతోంది. నిబంధన అక్షరాలా చదివిన పిల్ల. పాట పెట్టి, కబురు నిజమేనని చెప్పగల అధికారి కోసం ఫోన్లు మొదలుపెట్టింది. ఎవరూ ఎత్తలేదు. ఆ పాట అయిపోయింది, ఇంకో పాట వేసింది. చెప్పాల్సిన వాక్యం ఆమె ముందున్న కాగితం మీద రాసే ఉంది. చివరికి అధికారి దొరికి, ఆ మాట గాలిలోకి వెళ్లేసరికి పొరుగూరి నుంచి బయల్దేరిన ఆటో ఒకటి నీళ్లలో చిక్కుకుంది. మనుషులకు ఏమీ కాలేదు. కానీ ఆ అమ్మాయి ఆ రాత్రి అన్నం తినలేదు. "నాకు తెలుసు గదా, నేనెందుకు చెప్పలేదు?" అని అడుగుతూనే ఉంది. ఆమెకు నేనేం చెప్పాలో ఇప్పటికీ తోచడం లేదు.

ఇంకోసారి చెరువు పూడికతీత పనిలో ఉన్న ఆడవాళ్లను రికార్డు చేసుకొచ్చాం. మట్టి తట్టల చప్పుడు మధ్య ఒకామె, ఉపాధి హామీ కూలి డబ్బులు ఎప్పుడో పడాల్సినవి ఇంకా పడలేదని చెప్పింది. ఇది వార్త కిందికి వస్తుందా, జనం గోడు కిందికి వస్తుందా? మేమే కూర్చుని తర్జనభర్జన పడి, లైసెన్సు మీదికి తెచ్చుకోవడం ఎందుకని ఆ ముక్క కత్తిరించేశాం. ఎవరూ మమ్మల్ని కత్తిరించమనలేదు. నిబంధన ఉంటే చాలు, భయం తన పని తాను చేసుకుపోతుంది. మర్నాడు తన మాట ఎందుకు రాలేదని ఆమె అడగలేదు. రాదని ముందే అనుకుందేమో.

అయ్యా, ఈ రేడియోలు ఎవరి హక్కు మీద పుట్టాయో ఒకసారి గుర్తుచేసుకోండి. 1993లో హీరో కప్ క్రికెట్ ప్రసారాల మీద దూరదర్శన్‌కూ బెంగాల్ క్రికెట్ సంఘానికీ వచ్చిన తగాదా సుప్రీంకోర్టు దాకా పోయింది. 1995 ఫిబ్రవరి 9న కోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి వెళ్లిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఆ కేసులో విడిగా తీర్పు రాశారు. ప్రసారాలు ప్రభుత్వం గుప్పిట్లోనూ ఉండకూడదు, డబ్బున్నవాళ్ల గుప్పిట్లోనూ ఉండకూడదన్నది ఆయన ఆందోళన. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ప్రసారాలకు ఏ మాత్రం సరిపోదని, పార్లమెంటు కొత్త చట్టం చేయాలని కూడా చెప్పారు. 1997లో ఒక బిల్లు వచ్చింది, 2001లో మరొకటి వచ్చింది. రెండూ చట్టం కాకుండానే మురిగిపోయాయి. పాత టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టమైతే వచ్చింది. కమ్యూనిటీ రేడియో నడక మాత్రం ఈనాటికీ శాఖ రాసే మార్గదర్శకాల మీదే.

మన దేశంలో ఒక స్వచ్ఛంద సంస్థకు దక్కిన మొదటి కమ్యూనిటీ రేడియో మా తెలుగు నేల మీదే ఉంది. జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల సంగం రేడియో అది. 2008 అక్టోబర్ 15న మొదలైంది. ఇద్దరు దళిత మహిళలు, జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ దాన్ని నడిపించారు. లైసెన్సు రాకముందు ఏళ్ల తరబడి కార్యక్రమాలు రికార్డు చేసి, టేపుల మీద సంఘాల్లో వినిపించుకున్నారు. జొన్న, సజ్జ, కొర్ర గురించి ఆ ఆడవాళ్లు మాట్లాడింది ఇవాళ దేశమంతా వింటోంది. విత్తనం విషయంలో వాళ్ల తెలివిని నమ్మినవాళ్లం, తమ మండలంలో ఏం జరిగిందో చెప్పే విషయంలో ఎందుకు నమ్మలేకపోతున్నాం?

భద్రత అంటారు. మారుమూల స్టేషన్లలో ఎవరేం చెబుతున్నారో కనిపెట్టడం కష్టమంటారు. మా ట్రాన్స్‌మిటర్ శక్తి 100 వాట్లు. నేల అనుకూలిస్తే పది కిలోమీటర్లు వినపడుతుంది. హోం, రక్షణ శాఖల అనుమతులు వచ్చాకే లైసెన్సు ఇచ్చారు. రాజకీయ పార్టీలకు, వాటి అనుబంధ సంఘాలకు ఈ లైసెన్సే రాదు. ప్రసారం చేసిన ప్రతి కార్యక్రమం రికార్డునూ మూడు నెలలు దాచిపెట్టాలి, అడిగితే ఇవ్వాలి. తప్పు చేస్తే పట్టుకోవడానికి మాకంటే తేలికైనవాళ్లు ఎవరున్నారు? మరోవైపు దేశంలో వార్తలు చెప్పడానికి అనుమతి ఉన్న శాటిలైట్ ఛానెళ్లే 350 దాటి ఉన్నాయి. యూట్యూబ్ ఛానెల్ పెట్టి మైకు మీద లోగో అతికించుకున్నవాళ్లు ఊరికొకరున్నారు. వాళ్లను ఆపమని నేననడం లేదు. ఊళ్లో అందరికీ ముఖం తెలిసినవాళ్లు, రేపు పొద్దున అదే బోరింగు దగ్గర నిలబడాల్సినవాళ్లు చెప్పే మాటకే నిషేధం ఎందుకని అడుగుతున్నాను.

2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు ఊరూరా పాకాయి. దేశంలో చాలాచోట్ల అమాయకులను కొట్టి చంపారు. జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల్లో పోలీసులు పల్లె పల్లెకూ వెళ్లి, పాటలు పాడించి, జనానికి నచ్చజెప్పాల్సి వచ్చింది. పుకారుకు లైసెన్సు అక్కర్లేదు, ఆ పుకారు అబద్ధమని విచారించి చెప్పాలనుకునే రేడియోకు మాత్రం అనుమతి ఉండదు.

2023 సెప్టెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లకు గంటకు 10 నిమిషాల వార్తలకు అనుమతి ఇవ్వమని సిఫార్సు చేసింది. అది అమలైతే నగరాల స్టేషన్లకు మాట వస్తుంది, మేం మూగవాళ్లుగానే మిగులుతాం. 2024 ఫిబ్రవరిలో మా మార్గదర్శకాలను సవరించి ప్రకటనల సమయాన్ని గంటకు 7 నిమిషాల నుంచి 12 నిమిషాలకు పెంచారు. కృతజ్ఞతలు, కరెంటు బిల్లుకు అక్కరకొస్తుంది. కానీ మా ఊళ్లకు ప్రకటనలు ఇచ్చే వ్యాపారులు ఎంతమంది ఉంటారో మీకు తెలియంది కాదు. మేం అడుగుతున్నది కూడా ముందు ఆదాయం కాదు.

కాబట్టి చట్టంలోనే కమ్యూనిటీ రేడియోకు ఒక అధ్యాయం పెట్టండి. స్థానిక వార్తలకు అనుమతి అందులో రాయండి. నియమావళి పెట్టండి, పాటిస్తాం. తప్పు చెబితే అదే వేళకు, అదే గొంతుతో సవరణ చెప్పాలనండి, చెబుతాం. ప్రాణాపాయం ఉన్నప్పుడు అధికారి ప్రకటన కోసం ఆగకుండా, కళ్లతో చూసి రూఢి చేసుకున్నది వెంటనే చెప్పే వీలు మాత్రం మిగతా వాటి కోసం ఆగకుండా ఈ వానాకాలం లోపే ఇవ్వండి. దానికి చట్టం దాకా పోనక్కర్లేదు, మార్గదర్శకాల్లో ఒక్క సవరణ సరిపోతుంది.

ఇంకో విన్నపం. 2024లో మారిన ముసాయిదాను కొద్దిమందికే ఇచ్చారని పత్రికల్లో చదివాం. ఈసారి అందరికీ ఒకేసారి ఇవ్వండి, తెలుగుతో సహా అన్ని భాషల్లో ఇవ్వండి. అభిప్రాయాలు రాతలోనే పంపాలనకండి. మా స్టేషన్లలో పనిచేసేవాళ్లలో చాలామందికి చదవడం రాయడం రాదు. చెప్పడం వచ్చు. వాళ్ల గొంతు రికార్డు చేసి పంపితే అభిప్రాయంగా తీసుకుంటామని ప్రకటించండి, మా ఖర్చుతో మేమే పంపుతాం.

మీ జవాబు వస్తే మా శ్రోతలకు చదివి వినిపించాలని ఉంది. అది వార్త కిందికి వస్తుందో రాదో కూడా అందులోనే రాయగలరు.

ఇట్లు,
ఒక కమ్యూనిటీ రేడియో వాలంటీరు
తెలంగాణ