లెవెల్ 42, మరి ఏడెనిమిదులు ఎంత?

తల్లిదండ్రులకు, ఇంటి దగ్గర పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే అవ్వాతాతలకు నమస్కారం.

మన వార్తాలేఖ ప్రతి నెలా ఇంగ్లిష్‌లో, కన్నడలో వస్తుంది. ఈసారి తెలుగులో కూడా రాస్తున్నాను. కారణం పోయిన పేరెంట్స్ మీటింగ్. మార్కుల గురించి మాట్లాడదామని కూర్చుంటే చాలామంది ఫోన్ గురించే అడిగారు. "చదువుకునే గేమే కదా మేడమ్, ఆడనివ్వచ్చా?" అని కొందరు. "గేమ్ అన్న మాటే వద్దు, మీరే గట్టిగా చెప్పండి" అని ఇంకొందరు. అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి వచ్చి ఈ కె.ఆర్.పురంలో స్థిరపడినవాళ్లు మీటింగుల్లో మామూలుగా వెనక బెంచీలో కూర్చుని, సంతకం పెట్టి వెళ్లిపోతారు. ఆ రోజు మాత్రం ముందుకొచ్చి అడిగారు. అడిగింది తెలుగులో కాబట్టి జవాబూ తెలుగులోనే ఇస్తున్నాను.

ముందు ఒక పిల్లవాడి సంగతి చెప్తాను. మూడో తరగతి. ఎక్కాల గేమ్‌లో లెవెల్ 42కి చేరానని నా గది దాకా వచ్చి చెప్పాడు. "భలే, అయితే ఏడెనిమిదులు ఎంత నాన్నా?" అన్నాను. వాడు కాసేపు గోడ వైపు చూసి, "ఆప్షన్లు ఇవ్వండి మిస్" అన్నాడు.

అప్పటికి నవ్వేశాను. సాయంత్రం వాళ్లమ్మ తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు ఆమె ఫోన్‌లో ఆ గేమ్ తెరిపించి, వాడి పక్కనే కూర్చుని చూశాను. ప్రశ్నకు నాలుగు జవాబులు వస్తాయి, ఒకటి నొక్కాలి. తప్పయితే ఒక గుండె పోతుంది. గుండెలన్నీ అయిపోతే ఒక ప్రకటన చూడాలి, చూస్తే గుండెలు తిరిగొస్తాయి. మళ్లీ అదే ప్రశ్న. ఇందాక ఏది నొక్కితే తప్పయిందో గుర్తుంటుంది కాబట్టి ఈసారి ఇంకోటి నొక్కుతాడు. అలా 42 దాకా ఎక్కాడు. ఎక్కాలు పట్టుబడలేదు గానీ ఆ గేమ్ ఎలా నడుస్తుందో మాత్రం బాగా పట్టుబడింది. అదీ తెలివే, కాదనను. అయితే పరీక్షలో ఆ తెలివికి మార్కులు పడవు, అంగట్లో చిల్లర లెక్క కూడా తేలదు.

ఇప్పుడు ఇంకో పిల్ల సంగతి. నాలుగో తరగతి. మదనపల్లె నుంచి సంవత్సరం మధ్యలో వచ్చి చేరింది. ఇంగ్లిష్ పాఠం పైకి చదవమంటే గొంతు పెగిలేది కాదు. తప్పు చదివితే పక్కవాళ్లు నవ్వుతారని భయం. వాళ్ల టీచరు ఆ పాప అమ్మగారి ఫోన్‌లో గూగుల్ వాళ్ల రీడ్ అలాంగ్ పెట్టించింది. 2019లో బోలో అనే పేరుతో మన దేశంలోనే మొదలైన యాప్ అది. మరుసటి సంవత్సరం తెలుగు, తమిళంతో కలిపి తొమ్మిది భాషల్లోకి వెళ్లింది. పిల్ల కథ పైకి చదువుతుంటే దియా అనే బొమ్మ వింటుంది. మాట తడబడితే పలికి చూపిస్తుంది. కథలు ముందే దించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఈ పాప రాత్రిళ్లు దుప్పటి ముసుగేసుకుని దానికి కథలు చదివి వినిపించేదట. ఎన్నిసార్లు తప్పు చదివినా అది నవ్వదు, విసుక్కోదు. రెండు నెలలకు క్లాసులో తనంతట తాను చెయ్యెత్తి, "నేను చదువుతా మిస్" అంది.

రెండూ ఫోన్లే, రెండూ చదువు పేరుతో వచ్చినవే. ఆ అబ్బాయికి జవాబు తెర మీద నుంచి వచ్చింది, ఈ పాప మాత్రం తన నోటితో చదవాల్సి వచ్చింది. ఏ గేమ్ మంచిదని అడిగినప్పుడల్లా నేను చూసేది ఇదే. నాలుగింట్లో ఒకటి నొక్కించేదా, లేక పిల్లలు తామే అంకె టైపు చేయాల్సినది, మాట పలకాల్సినది, అక్షరం వేలితో దిద్దాల్సినదా? రెండో రకమైతే రోజూ కాసేపు ఆడనివ్వండి. మొదటి రకం పెట్టడానికి పెద్దగా నష్టం లేదు, దాన్ని ట్యూషన్‌గా మాత్రం లెక్కేయకండి.

మంచి గేమ్‌కి ఇంకో గుణం ఉంటుంది. నిన్న తప్పిన లెక్కను ఇవాళ మళ్లీ అడుగుతుంది, రెండు రోజులాగి ఇంకోసారి అడుగుతుంది. ఇందులో కొత్తేమీ లేదు. జర్మనీలో హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే ఆయన అర్థం లేని పదాలను తానే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో లెక్కగట్టి 1885లోనే అచ్చువేశాడు. ఒకే రోజు ఎడతెగకుండా చదివిన దానికంటే విడతలుగా చదివింది ఎక్కువ నిలుస్తుందని తేల్చాడు. మా ఊళ్లో అయ్యవారికి ఆయన పేరు తెలిసి ఉండదు, అయినా రోజూ బడి విడిచే ముందు ఎక్కాలు ఒప్పజెప్పనిదే ఇంటికి పంపేవారు కాదు.

పేర్లు చెప్పమని అడిగారు కాబట్టి చెప్తున్నాను, ఎవరి ప్రచారమూ కాదు. లెక్కలకు మన బెంగళూరులోని అక్షర ఫౌండేషన్ వాళ్ల బిల్డింగ్ బ్లాక్స్ ఉంది. ఉచితం, నెట్ లేకపోయినా ఆడుకోవచ్చు, కన్నడంతో పాటు తెలుగులోనూ ఉంది. చిన్న తరగతుల వాళ్లకు ఖాన్ అకాడమీ కిడ్స్ బాగుంటుంది. రెండేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వాళ్ల కోసం చేసింది, ప్రకటనలు ఉండవు, ఇంగ్లిష్ రావాలి. గేమ్ కాకపోయినా నాకు అన్నిటికంటే ఇష్టమైనది స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్. ఇక్కడి ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టారు. ఒకే కథ తెలుగులోనూ కన్నడలోనూ దొరుకుతుంది. మన పిల్లలకు ఇంట్లో తెలుగు మాట, బడిలో కన్నడ అక్షరం. చాలామందికి తెలుగు చదవడం రాదు, కన్నడ పరీక్ష అంటే టెన్షన్. ఒక కథను పక్కపక్కన పెట్టి చూపించండి. రెండు లిపులూ ఒకే తల్లి బిడ్డలు. చాలా అక్షరాలకు తలకట్టు ఒక్కటే తేడా, మనది టిక్కు పెట్టినట్టు ఉంటుంది, వాళ్లది అడ్డగీతలా ఉంటుంది. ఆ సంగతి కనిపెట్టిన రోజున పిల్లల మొహాలు చూడాలి మీరు.

ఇప్పుడు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పోయిన సంవత్సరం స్కూలు తరఫున మేమే ఒక లెక్కల యాప్ పెట్టించి, వారం వారం స్కోర్లు తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టాం. పిల్లల్లో హుషారు వస్తుందనుకున్నాం. మూడో వారానికి రాత్రి పదకొండు గంటలకు కూడా స్కోర్లు పెరుగుతున్నాయి. పిల్లలు ఆ వేళకు నిద్రపోతారు కదా అని ఆరా తీస్తే, పాయింట్లు తక్కువయ్యాయని అమ్మానాన్నలే ఆడుతున్నారని తెలిసింది. ఒక నాన్నగారు నాకే ఫోన్ చేసి, "మేడమ్, భాగహారం మళ్లీ నేర్చుకున్నా" అన్నారు. ఆయనకైతే మేలే జరిగింది. ఆ స్కోర్ల పట్టిక ఇకమీదట ఉండదు.

ఇంకో తప్పు ఇంతకంటే పెద్దది. ఇంట్లో ఒకటే ఫోన్ ఉన్నవాళ్ల గురించి మేం ఆలోచించలేదు. నాన్న క్యాబ్ నడుపుతారు, డెలివరీకి వెళ్తారు, ఫోన్ ఆయనతోపాటే వెళ్లి రాత్రికి వస్తుంది. అలాంటి ఇంటి పిల్ల హోంవర్కు చేయలేదని డైరీలో ఎర్ర ఇంకుతో రాశాం. ఈ నెల నుంచి ఫోన్‌లో చేయాల్సిన హోంవర్కు ఏదీ ఇవ్వం. లైబ్రరీలోని ట్యాబ్‌లు మధ్యాహ్నం మూడున్నర నుంచి నాలుగున్నర దాకా అందరికీ అందుబాటులో ఉంటాయి.

ఎంతసేపు ఆడనివ్వాలి? మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పిన లెక్క ఇది: రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలే వద్దు. రెండు నుంచి ఐదేళ్ల దాకా పెద్దవాళ్లు పక్కన ఉండగా గంట మించకూడదు. ఐదు నుంచి పదేళ్ల వాళ్లకు రెండు గంటల లోపు. టీవీ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. అన్నం తినిపిస్తూ చూపించే వీడియోలు కూడా వస్తాయి అవ్వా, మీరు నన్ను తిట్టుకున్నా సరే. చదువు గేమ్‌కి ఇరవై నిమిషాలు చాలని నా అభిప్రాయం. అది అయ్యాక, "ఇవాళ దేంట్లో తప్పావు?" అని ఒక్క మాట అడగండి. ఎన్ని పాయింట్లు వచ్చాయని అడగకండి. తప్పినదాన్ని ఒక కాగితం మీద వేయించండి. మీకు చదువు రాకపోయినా ఫర్వాలేదు, పిల్లలు మీకు నేర్పిస్తున్నట్టు చెప్పనివ్వండి.

డబ్బు సంగతి కూడా చూసుకోండి. కొత్త గేమ్ దించగానే ఒకసారి ఫ్లైట్ మోడ్‌లో పెట్టి తెరవండి. నడిస్తే మంచిదే, కొత్త ప్రకటనలు వచ్చి పడే బాధ ఉండదు. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో కొనుగోలుకు ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోండి. యూపీఐ పిన్ పిల్లలకు చెప్పకండి. తాతల పిన్ మనవళ్లందరికీ తెలిసిన ఇళ్లు నాకు చాలా తెలుసు. ఏ గేమ్ అయినా తమ పేరు, ఊరు, పుట్టిన తేదీ, స్కూలు అడిగితే ఇవ్వొద్దని పిల్లలకు నేర్పండి. 2023లో చేసిన డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఆ అనుమతి బటన్ ఇప్పుడు చాలా ఇళ్లల్లో పిల్లలే నొక్కేస్తున్నారు.

వ్యాన్‌లో మాత్రం ఫోన్ వద్దు. తీగల వంతెన దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఏం చేయాలంటారా, కిటికీలోంచి చూస్తే కేఏ 53 బళ్లు బోలెడు. నంబరు ప్లేటులోని నాలుగు అంకెలను కూడి, తీసి, గుణించి పది తెప్పించడం మా ఐదో తరగతి వాళ్ల కొత్త పందెం. నేను రెండుసార్లు ఓడిపోయాను.

లైబ్రరీలో రెండు వామనగుంటల పీటలు కూడా పెట్టాం. కన్నడ టీచరు దాన్ని అళగుళి మణె అంటారు, తమిళ పిల్లలు పల్లాంగుళి అంటారు, గుంటలు మాత్రం అందరికీ వరసకు ఏడే. చింతగింజలు తక్కువపడ్డాయి, ఊరి నుంచి వచ్చేటప్పుడు ఎవరైనా ఒక గుప్పెడు పట్టుకురండి.

వచ్చే శనివారం పదింటికి లైబ్రరీలో కూర్చుందాం. మీ పిల్లలు ఎక్కువగా ఆడే గేమ్ ఒకటి ఫోన్‌లో పెట్టుకుని, ఛార్జింగ్ ఎక్కించుకుని రండి. పిల్లల్నీ తీసుకురండి, వాళ్లు ఆడుతుంటే మనం పక్కన కూర్చుని చూద్దాం. లెవెల్ 42 అబ్బాయి కూడా వస్తానన్నాడు. ఆప్షన్లు లేకుండా అడగమన్నాడు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు
కె.ఆర్.పురం, బెంగళూరు