బటన్ ఫోన్‌కు డేటా ప్యాక్ ఎందుకు?

నెట్ అక్కర్లేని ముసలివాళ్ల బటన్ ఫోన్లకు కూడా రోజువారీ డేటా ఉన్న ప్యాకులే అంటగడుతున్నారు. దేవరకొండ, అచ్చంపేట వైపు ఏ రీఛార్జ్ షాపు దగ్గర నిలబడినా కనిపించేది ఇదే, పెద్దమనిషి ఫోన్ చేతికిచ్చి "బ్యాలెన్స్ వెయ్యి బిడ్డా" అంటాడు, షాపతను ఏ ఫోనో కూడా చూడకుండా 28 రోజుల డేటా ప్యాక్ వేసేస్తాడు. ముంబై, పుణేలకు పనికి పోయిన కొడుకుతో మాట్లాడ్డానికి తప్ప ఆ ఫోన్‌తో ఆయనకు వేరే పని లేదు. పైగా 28 రోజుల లెక్కన ఏడాదికి 12 కాదు, 13 సార్లు రీఛార్జ్ చేయించాలి, ఇంట్లో మూడు నాలుగు నంబర్లుంటే ఆ భారం ఎంతో చెప్పక్కర్లేదు. కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాక్ ఒకటైనా ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబర్‌లోనే కంపెనీలకు చెప్పింది, గడువు 365 రోజుల దాకా ఉండొచ్చని కూడా అంది. ప్యాకులొచ్చాయి, కానీ అడిగితే తప్ప చెప్పేవాళ్లు లేరు (అడగాలని తెలిసేదెవరికి?). ప్రతి షాపులో ఈ ప్యాకుల ధరలు తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించాలి. వేరే కంపెనీలో చవకగా ఉంటే నంబర్ మారకుండానే పోవచ్చని, 1900కు పోర్ట్ (కంపెనీ మార్పు) మెసేజ్ పెడితే అందుకు కావాల్సిన కోడ్ వస్తుందని, పాత కంపెనీలో 90 రోజులు నిండి ఉంటే చాలావరకు ఇబ్బంది ఉండదని పింఛన్లు ఇచ్చే రోజు పంచాయతీ ఆఫీసు దగ్గర మైకులో చెప్పిస్తే ఇంకా మంచిది.

— ఒక పాఠకుడు, దేవరకొండ, నల్గొండ జిల్లా