కొత్త లివర్ మందు పేరు చెప్పి డబ్బులు, రిపోర్టులు తీసుకున్న మీ కంపెనీకి ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ఫ్యాటీ లివర్ కొత్త మందు కోసమని చేయించిన రిజిస్ట్రేషన్, దాని బదులు పంపిన సప్లిమెంట్ డబ్బా, ఇంతవరకు రాని జవాబులు

నాచారంలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మీ వాళ్లు ఫ్రీ లివర్ క్యాంపు పెట్టారు. బ్యానర్ మీద పెద్ద అక్షరాలతో "అమెరికా ఆమోదించిన ఫ్యాటీ లివర్ మందు, ఇక మీ ఇంటికే" అని రాసి ఉంది. 4,999 రూపాయలు కట్టి మెంబర్‌షిప్ తీసుకుంటే మందు ఇండియాకి రాగానే ముందు మాకే ఇస్తామన్నారు. మా ఆయన స్కాన్ రిపోర్టు, షుగర్ రిపోర్టు, మందుల చీటీ అన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నారు. కట్టాం. మందు ఇంకా రాలేదని నేను మీతో గొడవ పడటం లేదు, అది ఎప్పుడొస్తుందో మీ చేతిలో లేదని నాకూ తెలుసు. నా ఫిర్యాదు ఏంటంటే, ఆ మందు గురించి మేము అడిగిన ఒక్క ప్రశ్నకి కూడా మీ నుంచి సరైన సమాధానం రాలేదు. వచ్చింది ఒక సప్లిమెంట్ డబ్బా. అది అయిపోకముందే ఇంకోటి కొనమని వారం వారం ఫోన్లు.

మా ఆయనకి షుగర్ ఉంది, గుండెకి స్టెంట్ వేశారు. లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్‌లో 11 దాటింది. లివర్ డాక్టర్ గారు అన్ని రిపోర్టులూ చూసి ఎఫ్3 స్టేజ్ అన్నారు, అంటే లివర్ బాగానే గట్టిపడింది కానీ ఇంకా సిర్రోసిస్ దాకా, అంటే లివర్ మొత్తం మచ్చలు పడి గట్టిపడిపోయే దాకా పోలేదు. ఆయన జీవితంలో చుక్క ముట్టని మనిషి. అయినా లివర్ జబ్బు అనగానే చుట్టాల్లో సగం మంది "తాగుతాడా?" అని నన్ను పక్కకి పిలిచి అడుగుతారు, ఆ బాధ వేరు, అందుకే మేము చాలామందికి చెప్పనే లేదు. రాత్రిపూట అన్నం మానేశారు, జొన్నరొట్టె తింటున్నారు, పొద్దున్నే నడుస్తున్నారు. బరువులో పది శాతం దాకా తగ్గితే గట్టిపడింది కూడా కొంత వెనక్కి వచ్చే అవకాశం ఉందని డాక్టర్ గారు చెప్పారు కాబట్టి ఆ ఒక్క మాట పట్టుకుని కష్టపడుతున్నారు. అలాంటి మనిషికి మీరు వచ్చి కొత్త మందు అన్నారు. ఆయన ఆ రాత్రి చాలా రోజుల తర్వాత టెన్షన్ లేకుండా మాట్లాడారు. మీరు ఏం అమ్ముతున్నారో మీకు అర్థం కావాలని ఇది రాస్తున్నాను.

మీ వాళ్లు చెప్పకపోతే మా అబ్బాయి, నేను కూర్చుని చదువుకున్నాం, డాక్టర్ గారిని అడిగి సరిచూసుకున్నాం. ఆ మందు పేరు రెస్మెటిరామ్, అమెరికాలో రెజ్‌డిఫ్రా అని అమ్ముతున్నారు. 2024 మార్చి 14న అక్కడ మందుల్ని పరిశీలించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ఫ్యాటీ లివర్‌లో ముదిరిన రకానికి అక్కడ అనుమతి వచ్చిన మొదటి మందు అదే, కాబట్టి ఆశ పడటంలో తప్పేం లేదు. కానీ ఆ అనుమతి ఎవరికి? లివర్‌లో కొవ్వుతో పాటు వాపు ఉండి, గట్టిపడటం మధ్యస్థంగా గానీ బాగా ముదిరి గానీ ఉన్నవాళ్లకి, అంటే ఎఫ్2, ఎఫ్3 వాళ్లకి. సిర్రోసిస్ వచ్చినవాళ్లకి కాదు. ఊరికే కొవ్వు పట్టినవాళ్లకి కూడా కాదు. పైగా అది త్వరగా ఇచ్చిన అనుమతి, పేషెంట్లకి దీర్ఘకాలంలో నిజంగా మేలు జరుగుతోందని ఇంకా నడుస్తున్న ట్రయల్స్‌లో రుజువు చేయాలి.

ఇంత ముఖ్యమైన విషయం మీ పాంప్లెట్‌లో ఎక్కడా లేదు. దాని బదులు హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల మీద చేసిన అధ్యయనంలో 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు కనిపించిందని 2025లో వచ్చిన అంకెని ఎర్ర అక్షరాల్లో వేసి, "వాళ్లలో మీరూ ఒకరా?" అని అడిగారు. ఆ అంకె నిజమే, భయపడాల్సిన అంకే. కానీ ఆ 84 శాతంలో అందరికీ ఈ మందు పనికొస్తుందన్నట్టు రాయడం ఏం న్యాయం? మా బ్లాకులో ఇరవై ఆరేళ్ల అమ్మాయి, అల్ట్రాసౌండ్‌లో గ్రేడ్ 1, అంటే కొద్దిగా కొవ్వు అని వస్తే, భయపడి మీకు డబ్బులు కట్టింది. ఆ అమ్మాయికి కావలసింది తిండి, నడక, నిద్ర గురించి ఎవరైనా పది నిమిషాలు కూర్చుని చెప్పడం.

ఇక నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది మా పక్క ఫ్లాట్ పెద్దాయన సంగతి. ఆయనకి సిర్రోసిస్, కడుపులో నీరు చేరి తీయించుకుంటున్నారు. క్యాంపులో మీ మనిషి ఆ కాగితాలు చూసి కూడా "ఈ మందు వస్తే బాబాయ్ గారు లేచి తిరుగుతారు" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను, నా చెవులతో విన్నాను. ఆ స్థితిలో ఉన్నవాళ్లకి ఈ మందు వాడకూడదని అమెరికా లేబుల్‌లోనే ఉంది. వాళ్లబ్బాయి ఇప్పటికీ లిఫ్ట్‌లో కనిపించినప్పుడల్లా "ఆంటీ, మందు సంగతి ఏమైనా తెలిసిందా" అని అడుగుతాడు. ఆ ఇంటివాళ్లు ట్రాన్స్‌ప్లాంట్ గురించి పెద్ద డాక్టర్లతో మాట్లాడుకోవలసిన సమయాన్ని మీ మాట నమ్మి పోగొట్టుకుంటున్నారు. వాళ్లకి మీరే ఫోన్ చేసి నిజం చెప్పాలి. నేను చెబితే నా మీద కోపం వస్తుంది, అయినా చెప్పాను, కానీ ఆశ పెట్టింది మీరు కాబట్టి ఆ మాట మీ నోటి నుంచి రావాలి.

మీ టెలీకాలర్ "తొంభై శాతం గ్యారంటీ మేడమ్" అంది. ఎక్కడి నుంచి వచ్చింది ఆ తొంభై? అనుమతికి ఆధారమైన మాస్ట్రో-నాష్ ట్రయల్‌లో 966 మంది ఉన్నారు, ఏడాది తర్వాత బయాప్సీ చేసి, అంటే లివర్ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించి చూశారు. గట్టిపడటం పెరగకుండా లివర్ వాపు జబ్బు తగ్గింది 100 మిల్లీగ్రాముల డోసులో 29.9 శాతం మందికి, 80 మిల్లీగ్రాముల డోసులో 25.9 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 9.7 శాతం మందికి. గట్టిపడటం ఒక స్టేజ్ అయినా తగ్గింది 24 నుంచి 26 శాతం మందికి, ఉత్తుత్తి మాత్రతో 14.2 శాతం మందికి. మా ఆయనకి ఈ అంకెలు చెప్తే నిరాశ పడతారేమో అనుకున్నాను. పడలేదు. "నలుగురిలో ఒకరికి తగ్గినా మంచిదే కదా, ఆ ఒకరు నేను కావచ్చు" అన్నారు. పేషెంట్లు నిజాన్ని తట్టుకోగలరు. వాళ్లకి తొంభై శాతం అబద్ధం అవసరం లేదు.

మేము మీకు మెయిల్‌లో అడిగినవి ఇవి. మా ఆయన స్టెంట్ కారణంగా రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ వేసుకుంటున్నారు, కొలెస్ట్రాల్‌కి రోసువాస్టాటిన్ కూడా ఉంది, ఈ మందు వాటితో కలిపి వాడొచ్చా? మీ జవాబు: "ఇది సేఫ్ మేడమ్, సైడ్ ఎఫెక్ట్స్ ఏమీ ఉండవు." లేబుల్‌లో ఏముందంటే, వంద కిలోల లోపు బరువున్నవాళ్లకి మామూలు డోసు రోజుకి 80 మిల్లీగ్రాములు, క్లోపిడోగ్రెల్ వాడుతుంటే 60కి తగ్గించాలి. రోసువాస్టాటిన్ రోజుకి 20 మిల్లీగ్రాములు మించకూడదు, ఇంకో కొలెస్ట్రాల్ మందు అటోర్వాస్టాటిన్ అయితే 40 మించకూడదు. విరేచనాలు, వికారం రావచ్చు, పిత్తాశయం సమస్యలు, లివర్‌కే దెబ్బ తగిలే అవకాశం గురించి హెచ్చరికలు ఉన్నాయి. మా ఆడపడుచుకి థైరాయిడ్ ఉంది, ఆమె కూడా రిజిస్టర్ అయింది. ఈ మందు పనిచేసేదే లివర్‌లో థైరాయిడ్ హార్మోన్ పట్టుకునే చోట కదా, థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఎలా వాడాలి అని ఆమె అడిగితే మీ వాళ్లు ఫోన్ హోల్డ్‌లో పెట్టి కట్ చేశారు. తెలియకపోతే డాక్టర్‌ని అడగమని చెప్పొచ్చు, అందులో చిన్నతనం లేదు.

ధర గురించి అడిగితే "మెంబర్స్‌కి డిస్కౌంట్" అన్నారు. దేని మీద డిస్కౌంట్? అమెరికాలో మొదట పెట్టిన ధర ఏడాదికి 47,400 డాలర్లు, అప్పటి లెక్కలో మన డబ్బుల్లో దాదాపు 40 లక్షలు. మా ఇల్లు అమ్మినా రెండేళ్ల మందుకి సరిపోదు. విదేశీ మందు సొంత వాడకానికి తెప్పించుకోవాలంటే డాక్టర్ చీటీతో ఫారం 12ఏ పెట్టి, పేషెంట్ పేరు మీద 12బీ పర్మిట్ తీసుకునే పద్ధతి ఉంది. దానికీ మీ మెంబర్‌షిప్‌కీ సంబంధం ఏంటో రాతపూర్వకంగా చెప్పండి.

ఇంకో మాట. "మా మందు తప్ప ఇండియాలో ఈ జబ్బుకి ఏమీ లేదు" అని మీ క్యాంపులో చెప్పారు. మన దేశంలోనే తయారైన సారోగ్లిటజార్ అనే మందుకి 2020లో ఇక్కడ సిర్రోసిస్ లేని నాష్‌కి, అంటే ఈ వాపు రకం ఫ్యాటీ లివర్‌కి, అనుమతి వచ్చింది. 2025 ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌కి కూడా ఇదే ఎఫ్2, ఎఫ్3 జబ్బుకి అనుమతి ఇచ్చింది, దాని ట్రయల్‌లో 72 వారాల తర్వాత వాపు జబ్బు తగ్గింది 62.9 శాతం మందికి, ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో 34.3 శాతం మందికి. ఎవరికి ఏది సరిపోతుందో డాక్టర్ చూసుకుంటారు, కానీ దారులు ఉన్నాయని తెలుసుకునే హక్కు పేషెంట్‌కి ఉంది.

ఆ డబ్బా గురించి కూడా రాయాలి. ముందు వైపు లివర్ బొమ్మ, "అడ్వాన్స్‌డ్ లివర్ రిపేర్" అని. వెనక చిన్న అక్షరాల్లో "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్", అంటే మందుగా వాడటానికి కాదు అని, ఆహార పదార్థాలకి ఇచ్చే ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు. లోపల ఉన్నవాటిలో గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్, గార్సీనియా. డాక్టర్ గారికి చూపిస్తే వెంటనే ఆపేయమన్నారు, ఈ రెండిటి వల్లా కొందరిలో లివర్ దెబ్బతిన్న కేసులు ఉన్నాయట. లివర్ జబ్బు ఉన్న మనిషి రిపోర్టులు చేతిలో పెట్టుకుని, ఆయన మందుల చీటీ చూసి కూడా దీన్ని పంపారు. "కొత్త మందు వచ్చేదాకా ఇది వాడండి" అని లోపల కార్డు కూడా పెట్టారు. ఆ కార్డు, డబ్బా, రసీదు మా దగ్గర భద్రంగా ఉన్నాయి.

మా 4,999 రూపాయలు, డబ్బా కోసం విడిగా తీసుకున్న డబ్బులు తిరిగి ఇవ్వండి. మా ఆయన రిపోర్టుల ఫొటోలు మీ దగ్గర నుంచి తీసేసి, తీసేశామని మెయిల్ పెట్టండి, వాటిని ఇంకెవరికైనా ఇచ్చి ఉంటే ఎవరికిచ్చారో చెప్పండి. ఈ నంబరుకి ఇక అమ్మకాల ఫోన్లు రాకూడదు. మా అపార్ట్‌మెంట్‌లో రిజిస్టర్ అయిన ప్రతి ఒక్కరికీ, ఆ మందు ఎవరికి పనికొస్తుంది, ఎవరికి పనికిరాదు అనేది తెలుగులో రాసి పంపండి, కింద మీ కంపెనీలో బాధ్యత తీసుకునే డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అలాంటి డాక్టర్ మీ దగ్గర లేకపోతే ఆ సంగతే రాయండి.

పదిహేను రోజులు చూస్తాను. అప్పటికీ జవాబు రాకపోతే 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, డబ్బా ఫొటోలతో ఫుడ్ సేఫ్టీ వాళ్లకి, బ్యానర్ ఫొటోతో డ్రగ్ కంట్రోల్ వాళ్లకి ఫిర్యాదు ఇస్తాను. పక్క ఫ్లాట్ వాళ్లకి మాత్రం పదిహేను రోజులు ఆగకుండా ఈరోజే ఫోన్ చేయండి.

ఇట్లు,
మీ మెంబర్‌షిప్ తీసుకున్న ఒక పేషెంట్ భార్య,
నాచారం, హైదరాబాద్