సౌర తుపాను కబురు సర్వేయర్‌కూ చేరాలి

సంపాదకులకు నమస్కారం.

సూర్యుడి మీద పెద్ద విస్ఫోటం జరిగిందంటే చాలు, ఫోన్లు మూగబోతాయని, కరెంటు పోతుందని సోషల్ మీడియాలో వీడియోలు మొదలవుతాయి. రెండు రోజులు గడిచాక, ఏమీ కాలేదు కదా అని అందరూ మర్చిపోతారు. ఈ గోలలో అసలు సంగతి ఎవరికీ చేరడం లేదు.

2024 మే 10, 11 తేదీల్లో వచ్చిన సౌర తుపాను (సూర్యుడి విస్ఫోటాల వల్ల భూమి అయస్కాంత క్షేత్రం కల్లోలమవడం) 2003 తర్వాత అంత తీవ్రమైనది. లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడిన ఫొటోలు మనమంతా చూశాం. అదే సమయంలో అమెరికాలో విత్తనాలు వేస్తున్న రైతులు కొందరు ట్రాక్టర్లు ఆపేశారు. అవి సాలు తప్పకుండా నడిచేది జీపీఎస్ ఆధారంగా. పైన వాతావరణంలో విద్యుదావేశ కణాలుండే అయనోస్ఫియర్ పొర కల్లోలమైతే ఉపగ్రహ సంకేతం దారిలో చెదురుతుంది, లెక్క తప్పుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వేలో స్థానాన్ని కొలవడానికి వాడే రోవర్ పరికరాలకూ అవే సంకేతాలు ఆధారం. సర్వేయర్ గట్టు మీద రోవర్ కర్ర నిలబెట్టి, 'ఫిక్స్' (స్థానం కచ్చితంగా తేలినట్టు సూచన) వచ్చేదాకా ఆగి పాయింటు నమోదు చేస్తాడు. అది సెంటీమీటర్లతో సహా సరిపోవాలి. సౌర తుపాను రోజున ఫిక్స్ రాకపోవచ్చు, వచ్చినా తప్పు కావచ్చు. పైగా భూమి అయస్కాంత ధ్రువాలకు నడుమ సాగే అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మన ప్రాంతంలో అయనోస్ఫియర్ మామూలు రోజుల్లోనే నిలకడగా ఉండదు. అడుగు గట్టు కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కే ఊళ్లు మనవి. ఆ రోజు కొలతల్లో తేడా వస్తే రైతు ఎవరిని అడగాలి?

కరెంటు సంగతీ ఉన్నదున్నట్టు చెప్పాలి. 1989 మార్చి 13న సౌర తుపాను వల్ల కెనడాలోని క్యూబెక్‌లో గ్రిడ్ కుప్పకూలి 60 లక్షల మంది సుమారు 9 గంటలు చీకట్లో ఉన్నారు. ధ్రువాలకు దూరంగా ఉన్న మనకు ఆ ముప్పు తక్కువ. ఆ మాట కూడా జనానికి తెలియాలి.

సూర్యుడి నుంచి ఎగసిన ప్లాస్మా (విద్యుదావేశ వాయువు) మేఘం మనల్ని చేరడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచే వెళ్లిన ఇస్రో నౌక ఆదిత్య-ఎల్1, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండి సూర్యుణ్ని గమనిస్తోంది. తుపానుకు రేవుల్లో ప్రమాద సూచిక ఎగరేసినట్టు, సౌర తుపాను హెచ్చరిక కూడా తెలుగులో ప్రతి తహసీల్దారు కార్యాలయానికీ అందాలి. ఆ రోజు రోవర్ పని ఆపాలి. అప్పటికే నమోదైన పాయింట్లను మళ్లీ కొలిచి సరిచూడాలని సర్వే శాఖ ఆదేశాలివ్వాలి. మీ పత్రిక కూడా వాతావరణ వివరాల పక్కన దీనికో రెండు లైన్లు కేటాయించాలని కోరుతున్నాను.

– విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, నెల్లూరు