మునిగిన నేల సంగతి గోడలు చెప్పవు, మట్టి చెబుతుంది

సంపాదకులకు నమస్కారం.

సముద్రం అడుగున వేల ఏళ్లనాటి నగరం బయటపడిందన్న కబురు పత్రికల్లోనో సెల్‌ఫోన్లలోనో తరచూ తిరుగుతుంటుంది. సోనార్, అంటే ధ్వనిని పంపి దాని ప్రతిధ్వనితో సముద్రపు అడుగును చూపే పరికరం, తీసిన బొమ్మలో నాలుగు గీతలు అడ్డంగా కలిస్తే వీధులంటారు, చదరం కనిపిస్తే కోట అంటారు. మునిగిన ఊళ్ల మీద జనానికున్న ఆసక్తిని మేం తప్పుపట్టడం లేదు. అది గోడల దగ్గరే ఆగిపోతోందన్నదే మా బాధ. సుమారు 20 వేల ఏళ్ల కిందట, మంచుయుగం ముదిరినప్పుడు, సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా దిగువన ఉండేది. అప్పుడు బయటపడిన మైదానాల్లో తిరిగినవాళ్లు వేటగాళ్లు, చేపలు పట్టేవాళ్లు. వాళ్లు కోటలు కట్టలేదు. వాళ్ల జాడ తెలియాలంటే పాత ఏరు ఎటు పారింది, చిత్తడి ఎక్కడ, పొడి గట్టు ఎక్కడ అన్నది ముందు తేల్చాలి.

ఈ పని బాగా జరిగిన చోటు ఐరోపాలోని ఉత్తర సముద్రం. 1931లో ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ తీరానికి 40 కిలోమీటర్ల దూరాన కొలిండా అనే ట్రాలర్ (వలను అడుగున ఈడ్చుకుంటూ చేపలు పట్టే పడవ) వలలో పీట్ గడ్డ ఒకటి వచ్చింది. పీట్ అంటే నీళ్లు నిలిచిన చోట పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న మొక్కల నల్లమట్టి. పారతో పగలగొడుతుంటే లోపల గట్టిదేదో తగిలింది. చూస్తే దుప్పి కొమ్ముతో చేసిన మొన. పొడవు 20 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ, ఒక అంచున వరసగా చెక్కిన ముళ్లు. శాస్త్రవేత్తలైన గాడ్విన్ దంపతులు అక్కడి పీట్‌లోని పుప్పొడిని పరిశీలించి, ఒకప్పుడు అది అడవి ఉన్న నేలేనని తేల్చారు. చాలాకాలం తర్వాత ఆ మొనకే రేడియోకార్బన్ పరీక్ష (మిగిలిన రేడియోధార్మిక కార్బన్‌ను కొలిచి వయసు తేల్చే పద్ధతి) చేస్తే వయసు సుమారు 13,500 ఏళ్లని వచ్చింది. పీట్‌ను బట్టి అనుకున్నదానికన్నా వేల ఏళ్లు పాతది. ఒకేచోట దొరికినవన్నీ ఒకే కాలానివి కానక్కర్లేదన్న ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం తప్పుడు వార్తలు పుట్టవు.

ఆ నేలకు 1998లో పురావస్తు శాస్త్రవేత్త బ్రయోనీ కోల్స్ డాగర్‌ల్యాండ్ అని పేరు పెట్టారు. తర్వాత పురావస్తు శాస్త్రవేత్త విన్స్ గాఫ్నీ బృందం, చమురు అన్వేషణ కోసం తీసిన త్రీడీ సీస్మిక్ (భూమిలోకి తరంగాలు పంపి లోపలి పొరలను చూసే) సమాచారాన్ని అడిగి తెచ్చుకుని, 23 వేల చదరపు కిలోమీటర్ల మేర మునిగిన నదులు, సరస్సులు, తీరాల పటం గీసింది.

పటం తర్వాతే అసలు కష్టం. మల్టీబీమ్ సోనార్ అడుగు పైముఖాన్ని మాత్రమే చూపుతుంది. మట్టి కింద పొరలు కనబడాలంటే ధ్వనిని అడుగు లోపలికి పంపే సబ్‌బాటమ్ ప్రొఫైలర్ కావాలి. మెత్తటి బురదలో అది 10, 20 మీటర్ల లోపలికి చూస్తుంది. గట్టి ఇసుకలో కొద్ది మీటర్లకే ఆగిపోతుంది. ఇంకో చిక్కుంది. మనం వెతికే పీట్, ఆకుమట్టి కుళ్లితే మీథేన్ పుడుతుంది. ఆ బుడగలు ధ్వనిని మింగేస్తే తెరమీద మసక మచ్చే మిగులుతుంది. సరిగ్గా మనకు కావలసిన చోటే పరికరానికి చూపు పోతుందన్నమాట. అందుకే మచ్చ అంచు చూసుకుని వైబ్రోకోరర్ దింపాలి. మామూలుగా 6 మీటర్ల గొట్టం, అదురుతూ మట్టిలోకి దిగుతుంది. గొట్టం దిగిన లోతూ, పైకి వచ్చిన మట్టి పొడవూ చాలాసార్లు సరిపోలవు. పీట్ నొక్కుకుపోతుంది, గులకరాళ్లు అడ్డొస్తే గొట్టం మొరాయిస్తుంది. రెండు కొలతలూ పడవ మీదే రాసుకోకపోతే తర్వాత కట్టే సముద్రమట్టం లెక్క మొత్తం తప్పుతుంది. గొట్టాన్ని మీటరు ముక్కలుగా కోసి, మూతలు బిగించి, పైవైపు ఎటో తెలిసేలా బాణం గుర్తు వేసి, 4 డిగ్రీల చలిలో ఉంచాలి.

నిలువునా చీల్చిన మంచి నమూనాలో అడుగున బూడిదరంగు బంకమట్టి, అందులోకి దిగిన సన్నటి వేళ్లు కనిపిస్తాయి. దానిమీద జానెడు పీట్, అందులో నలిగిన రెల్లు ఆకులు. ఆపైన కత్తితో కోసినట్టు ఒక గీత, గీతమీద గవ్వల ఇసుక. ఆ గీత దగ్గర జాగ్రత్తగా ఉండాలి. అంత పదునుగా ఉందంటే అలలు పీట్ పైభాగాన్ని కోసుకుపోయి ఉండవచ్చు. అప్పుడు పీట్ పైకొసకు వచ్చిన తేదీని నేల మునిగిన తేదీగా చెప్పడానికి వీల్లేదు. పరీక్షకు పీట్ ముద్దను పంపకూడదు. తర్వాత దిగిన వేళ్లు వయసు తగ్గిస్తాయి. నేలమీద పెరిగిన మొక్కల గింజలో పుల్లలో ఏరి పంపాలి. సముద్రపు గవ్వలైతే నీటిలోని పాత కార్బన్ వల్ల సుమారు 400 ఏళ్లు ఎక్కువ చూపుతాయి, అదీ చోటును బట్టి మారుతుంది.

2001లో గుజరాత్ తీరంలోని ఖంభాత్ సింధుశాఖలో 30, 40 మీటర్ల లోతున నగరం దొరికిందని అప్పటి కేంద్ర మంత్రే ప్రకటించారు. తర్వాత అడుగు నుంచి తీసిన చెక్క ముక్కకు సుమారు 9,500 ఏళ్లని తేదీ వచ్చింది. చెక్క అంత పాతదే కావచ్చు. కానీ ఆటుపోట్ల తేడా 10 మీటర్లు దాటే ఆ నీళ్లలో కొయ్య ఎక్కడినుంచైనా కొట్టుకురాగలదు. ఏ పొరలోదో తెలియకుండా గుంజి తీసిన చెక్క తన వయసు చెబుతుంది, పక్కనున్న రాయి వయసు చెప్పదు. ఇంగ్లండ్‌లో వైట్ దీవి పక్కన బౌల్డ్‌నర్ దగ్గర 1999లో, 11 మీటర్ల లోతున, ఒక లాబ్‌స్టర్ తన బొరియలోంచి మనిషి చెక్కిన చెకుముకి రాళ్లు బయటకు నెట్టడం నీటి అడుగున దిగిన డైవర్ల కంటపడింది. అక్కడ 8 వేల ఏళ్లనాటి నేలను కొలుచుకుంటూ, మట్టిని దిమ్మెలుగా కోసి ఒడ్డుకు తెచ్చి పరిశీలించారు. అందుకే ఆ చోటు మీద ఇవాళ్టికీ నమ్మకంగా మాట్లాడగలుగుతున్నాం.

మన తీరానికి వస్తే, భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల ఇసుకను, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన అడుగు నుంచి గాలి ఎగరేసుకొచ్చిందని భూశాస్త్రవేత్తలు వివరిస్తారు. ఆ దిబ్బల్లో రాతి పనిముట్లూ దొరికాయి. దిబ్బల ముందు మునిగిన నేలమీద కూడా మనుషులు తిరిగారా అన్నదే అడగాల్సిన ప్రశ్న. గోదావరి, కృష్ణా డెల్టాల ఎదుట మాత్రం తొందరపడి లాభం లేదు. ఒండ్రు పాత నేలను బాగా లోతున కప్పేసింది, నేల కూడా కుంగుతుంది. సముద్రమట్టం కాలంతో ఎలా మారిందో చూపుతూ వేరే తీరంలో గీసిన రేఖను తెచ్చి అక్కడ అతికించకూడదు.

మేం అడిగేది చిన్న విషయం. జెట్టీ స్తంభాల కోసం, పైపులైన్ల కోసం ఇంజినీర్లు సముద్రంలో బోర్లు వేస్తూనే ఉంటారు. మట్టి బలం కొలవడం అయిపోయాక ఆ నమూనాలతో వాళ్లకు పనుండదు. పారేసేముందు ఒక పూట పురావస్తు, సముద్ర భూశాస్త్ర నిపుణులు చూసి, నల్లటి పొర ఉన్న ముక్కలు దాచుకునేలా టెండరులోనే షరతు పెట్టాలి. విశాఖలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. చూసేవాళ్లకు కొదవ లేదు. బ్రిటన్‌లో సముద్రపు కంకర తీసే సంస్థలు 2005 నుంచి దొరికిన వస్తువులను తెలియజేసే పద్ధతి పాటిస్తున్నాయి. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ యాంగ్‌జీ రేవులో 2011లో సుమారు 20 మీటర్ల నీటి కింది మట్టిని క్రేన్ బకెట్‌తో తోడి, ఏ బకెట్ ఎక్కడిదో నమోదు చేసి జల్లెడ పట్టారు. కాలిన ఎముకలు, చెకుముకి పెచ్చులు దొరికాయి.

మన మరబోట్ల వాళ్ల సాయమూ కావాలి. వలలో ఎముకో నల్లటి చెక్కో వస్తే, వల వేసిన చోటూ ఎత్తిన చోటూ రెండూ జీపీఎస్‌లో చూసి రాసుకోవాలి, ఎందుకంటే ట్రాల్ వల చాలా దూరం ఈడ్చుకొస్తుంది. అతుక్కున్న మట్టిని కడగొద్దు. ఏ పొరలోదో చెప్పేది అదే. వస్తువును సముద్రపు నీళ్ల బకెట్‌లో ముంచి నీడన ఉంచాలి. ఎండలో పెడితే లోపలి ఉప్పు గడ్డకట్టి ఎముకను పొరలుపొరలుగా చీలుస్తుంది. చెక్కైతే కొద్ది రోజుల్లోనే ముడుచుకుని మెలితిరుగుతుంది, మళ్లీ తడిపినా పాత రూపం రాదు.

— సముద్రగర్భ పురావస్తు పరిశోధకులు, విశాఖపట్నం