మల్లమ్మ పెద్దమ్మ మేకలు, నా చిక్కుడు పందిరి

తాడ్వాయి, ఆదివారం పొద్దున

అరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకో, పడతా. వడ్లు అమ్మేశాం, బాపు కంటి ఆపరేషన్ అయింది, పిల్లలు బాగున్నారు. ఇక అసలు సంగతి.

పెరట్లో చిక్కుడు, బెండ, నాలుగు గులాబీలు పెట్టానని రాశా కదా. ఒకరోజు లేచి చూస్తే చిక్కుడు తీగ మొండి! నేరుగా మల్లమ్మ పెద్దమ్మ ఇంటికి పోయి "నీ మేకలే" అని వాడకట్టంతా వినేలా అరిచా. "రాత్రి దొడ్లో కట్టేసుంటయి కొడుకా" అంటే విననే లేదు. నా నోరు నీకు తెలుసుగా, హాస్టల్ వార్డెన్ సైకిల్ కేసు మర్చిపోయావా?

మూడో రాత్రి టార్చి పట్టుకుని కాపలా కూర్చున్నా. రెండున్నరకి చుక్కల దుప్పులు, ఐదు. నిలువెత్తు కంపను పరుగు కూడా తీయకుండా దాటాయిరా! నేను లైటు వేస్తే ఒకటి చిక్కుడాకు నములుతూనే నన్ను చూసింది. అదిలించాలి కదా? నోరు పెగల్లేదు. అంత అందంగా ఉంది దొంగది.

పొద్దున ఫారెస్టు బీట్ ఆఫీసర్‌ని పిలిస్తే, తీగ చూసి పెద్దమ్మ ముందే అన్నాడు: "కుందేలయితే కత్తితో కోసినట్టుంటది. దుప్పికీ మేకకీ పైన ముందుపళ్లుండవు, గుంజి తెంపుతయి. మేక అనుకోవడంలో మీ తప్పు లేదు సార్." ఆమె నన్ను చూసిన చూపు! ఇంకా మాట్లాడట్లేదు.

ఎవరో కరెంటు తీగ పెట్టమన్నారు. ఒళ్లు మండింది. అడవి పందికని పెట్టిన తీగలకు మనుషులు పోవట్లేదా? 1972 వన్యప్రాణుల చట్టం ప్రకారం దుప్పిని చంపినా జైలే. ఎనిమిదడుగుల కంచె వేస్తే దూకవట, అంత డబ్బెక్కడిది? గుడ్డు కలిపిన నీళ్లు చల్లా. దుప్పులకంటే ముందు మా ఆవిడ పారిపోయింది, వాన పడితే మళ్లీ చల్లాలి. చివరికి పాత చీరలే కట్టా. నీ పెళ్లికి ఆమె కట్టుకున్న ఎర్రచీర, నువ్వు ఫైరింజన్ అన్నావే, అదీ ఉంది.

మందలు పెరిగాయి, తగ్గించాలి అని ఊళ్లో ఒకటే మాట. అండమాన్‌లో తెల్లోళ్లు దుప్పుల్ని వదిలితే, తినే జంతువు లేక దీవులు నింపేశాయట. కానీ మన అడవిలో పులికీ రేచుకుక్కకీ తిండి అవే కదరా, చంపితే ఎలా? మధ్యప్రదేశ్‌లో గరాటులా పొడుగాటి దడి కట్టి, మందను మెల్లగా లారీలోకి నడిపించి, పెంచ్ నుంచి సాత్పురా అడవికి తోలారు. అట్లాంటిది ఇక్కడ మా ఊరి కోసం ఎవరు...

అయ్యో, ఏడింటి బస్సు హారన్ కొడుతోంది. ఇది హన్మకొండలో పోస్టు చేస్తానని బావమరిది గుమ్మంలో నిలబడ్డాడు. పోతుదుప్పి కొమ్ములకు ఫైరింజన్ చుట్టుకున్న సంగతి చెప్పనే లేదు! చీరతోనే అడవిలోకి

నీ రాజిగాడు